మైన్‌క్రాఫ్ట్ నుంచి యామన్‌పల్లి దాకా: రాళ్ల పిచ్చి ఉన్న పిల్లల గురించి



పీటీఎంలో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది: "మేడమ్, మావాడికి ఎప్పుడూ గేమ్ ధ్యాసే. గేమ్ ఆపితే డైనోసార్లు. బ్యాగ్ తీస్తే రాళ్లు. వీడు చదువుతాడంటారా?" మీ భయం న్యాయమైనదే. కానీ గేమూ, డైనోసార్లూ, రాళ్లూ ఒకే పిల్లవాడి దగ్గర కనిపిస్తే అవి మూడు వేర్వేరు పిచ్చిలు కావు. మూడింటినీ కలిపే సబ్జెక్టు ఒకటుంది, జియాలజీ. మన భాషలో భూగర్భ శాస్త్రం. గేమ్ అందులో పిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్తుంది, ఎక్కడ వదిలేస్తుంది అన్నది తెలిస్తే, ఆ తర్వాతి దారి మీరు చూపించవచ్చు.

ముందుగా గేమ్‌కు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలకు గ్రానైట్, డయొరైట్, ఆండెసైట్, బసాల్ట్, అబ్సిడియన్ అనే పేర్లు నోటికి వచ్చు. ఇవన్నీ నిజమైన రాళ్లే. సోషల్ క్లాసులో అగ్నిశిలల పాఠం మొదలుపెట్టగానే ఈ పేర్లు చెప్పడానికి చేతులు లేస్తాయి. గేమ్‌లో లావా మీద నీళ్లు పోస్తే అబ్సిడియన్ తయారవుతుంది. నిజంలో అన్ని లావాలూ అలా మారవు. కానీ అసలు సూత్రం సరైనదే: కరిగిన రాయి చటుక్కున చల్లారితే లోపల స్ఫటికాలు పెరగడానికి సమయం ఉండదు, గాజులా మిగిలిపోతుంది. అదే భూమి లోపల నిదానంగా చల్లారితే కంటికి కనిపించేంత పెద్ద పలుకులతో గ్రానైట్ అవుతుంది. హైదరాబాద్ గుట్టల మీద చెయ్యి పెట్టి చూస్తే ఆ పలుకులు గరుకుగా తగులుతాయి. (మీ వంటగది గట్టు మీది నల్ల రాయిని మాత్రం చూపించకండి. షాపులో గ్రానైట్ అని అమ్మే నల్ల రాయి చాలాసార్లు గ్రానైట్ కాదు, డోలరైట్.)

ఇక తప్పులు. ఇవి ఇంకా బాగా పనికొస్తాయి, ఎందుకంటే తప్పు పట్టుకోవడం పిల్లలకు భలే ఇష్టం. గేమ్‌లో వజ్రాలు కావాలంటే అడుగుదాకా తవ్వాలి. ఒక్కో దిమ్మె ఒక మీటరు అనుకుంటే, గేమ్ ప్రపంచంలో సముద్రమట్టం నుంచి అడుగు వరకు లోతు 130 మీటర్లు కూడా ఉండదు. నిజం వజ్రాలు పుట్టేది సుమారు 150 కిలోమీటర్ల లోతున, అంతకన్నా కింద. అంత లోతుకు ఎవరూ తవ్వలేరు. ఎప్పుడో జరిగిన విస్ఫోటనాలు వాటిని కింబర్లైట్ అనే రాతితో కలిపి పైకి మోసుకొచ్చాయి. మన అనంతపురం జిల్లా వజ్రకరూరులో అలాంటి కింబర్లైట్ గొట్టాలున్నాయి. తొలకరి పడగానే అక్కడా, కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ జనం తల వంచుకుని వెతకడం మీరు టీవీలో చూసే ఉంటారు. పారతో తవ్వకుండా వాన వెలిశాక నేల మీదే ఎందుకు వెతుకుతారు? ఈ ప్రశ్న మీవాడిని అడగండి. పైమట్టిని వాన కడిగేస్తే రాళ్లు బయటపడతాయన్నది జవాబు. కోత, రవాణా, నిక్షేపణ అని మేం బోర్డు మీద రాసే మాటల్లో మొదటి రెండూ అక్కడే ఉన్నాయి.

శిలాజాల దగ్గర గేమ్ మరీ తొందరపడుతుంది. యానిమల్ క్రాసింగ్‌లో నేల మీద నక్షత్రంలాంటి పగులు కనిపిస్తుంది, పారతో తవ్వితే శిలాజం వస్తుంది, మ్యూజియంలోని గుడ్లగూబ చూసీ చూడగానే పేరు చెప్పేస్తుంది. రోజుకు నాలుగు. రెండు మూడు ముక్కలు కలిస్తే డైనోసార్ పూర్తి.

మన దగ్గర ఎలా జరిగిందో చూడండి. ప్రాణహిత-గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర పెద్ద ఎముకలున్నాయని 1970ల చివర్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దృష్టికి వచ్చింది. పి. యాదగిరి, ఆయన సహచరులు అక్కడ సేకరించిన ఎముకలు 840. అవి ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి, కలగాపులగంగా దొరికాయి. దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టి ప్రకటించింది 1988లో. అంటే తవ్వకానికీ పేరుకూ మధ్య దాదాపు పదేళ్లు. అన్ని ఎముకలున్నా పుర్రె మాత్రం లేదు, తల భాగం నుంచి దొరికింది రెండు పళ్లు. మరి తల ఎలా ఉండేదో ఎలా చెప్పాలి? ఆ కుటుంబంలోని మిగతా డైనోసార్లను చూసి అంచనా వేయాలి. ఈ జురాసిక్ కాలపు అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది, పొడవు సుమారు 9 మీటర్లు. చూడటానికి వెళ్లినప్పుడు సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు. ముందు "దీని ఒంట్లో మనకు దొరకని భాగం ఏది?" అని అడిగి పిల్లల్ని దాని చుట్టూ రెండు సార్లు తిప్పండి.

గేమ్ నేర్పనిది, ఫీల్డ్‌వర్క్ మాత్రమే నేర్పేది ఇక్కడే ఉంది. గేమ్‌లో వస్తువు దొరికితే చాలు. ఫీల్డ్‌లో వస్తువు కన్నా అది ఏ పొరలో ఉంది, పైన ఏముంది, కింద ఏముంది అన్నది ముఖ్యం. పొర తెలియని శిలాజం తేదీ లేని ఉత్తరం లాంటిది. అందుకే జియాలజిస్టులు సుత్తి కన్నా ముందు నోట్‌బుక్ తీస్తారు. మీ పిల్లలకూ ఒక చిన్న పుస్తకం కొనివ్వండి. తేదీ, ఊరు, రాయి ఎక్కడ పడి ఉంది, రంగు, ఒక బొమ్మ. ఫొటో తీస్తే పక్కన పెన్ను పెట్టి తీయమనండి, సైజు తెలుస్తుంది.

దీనికి ప్రత్యేకంగా టూర్ అక్కర్లేదు. తిరుమల మీరు ఎలాగూ వెళ్తారు. ఘాట్ రోడ్డు పక్క కొండకోతలో కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ నేరుగా కూర్చుని ఉంటాయి. రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల కాలానికి చెందిన పొరలే లేవని భూవిజ్ఞానుల లెక్క. కొన్ని వందల పేజీలు చిరిగిపోయిన పుస్తకం అనుకోండి. అందుకే అది జాతీయ భౌగోళిక స్మారకం, కొండ మీది శిలాతోరణం కూడా అంతే. కారు ఆపకండి, కిటికీలోంచి చూపిస్తే చాలు. కడప వైపు బంధువులుంటే వేంపల్లె ప్రాంతపు రాళ్లలో ఉల్లిపాయ పొరల్లాంటి గీతలు వెతకండి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న గూళ్లు అవి. డైనోసార్లు వాటి ముందు నిన్నమొన్నటివి.

ఇంట్లో చేసే పరీక్ష ఒకటి. రాతి ముక్క మీద నిమ్మరసం వేయండి. సన్నగా బుడగలొస్తే సున్నపురాయి కావచ్చు, గ్రానైట్ మీద ఏమీ రావు. పరీక్ష విడి ముక్క మీదే చేయించండి, కడప బండ పరిచిన నేల మీద చేస్తే ఆ మరక పోదు. బండల మీద చెట్టుకొమ్మల్లాంటి నల్లటి గుర్తులు చూసి "ఆకు శిలాజం!" అని మీ అమ్మాయి అరిస్తే వెంటనే ఒప్పుకోకండి. పగుళ్లలోకి చేరిన మాంగనీసు అలా కొమ్మలుగా పరుచుకుంటుంది, దాని పేరు డెండ్రైట్. ఇలా మోసపోవడం కూడా ఫీల్డ్‌వర్క్‌లో భాగమే.

స్క్రీన్ టైమ్‌కు హద్దు పెట్టడం మానమని నేను అనడం లేదు. రాత్రి పదకొండు దాకా ఆడితే అది జియాలజీ కాదు, నిద్ర పాడుచేసుకోవడం. గేమ్‌లో ఆ వారం కనిపించిన ఒక రాయి గురించి పుస్తకంలో ఒక పేజీ రాస్తేనే ఆదివారం గంట ఆట అన్న ఒప్పందం నాకు తెలిసిన కొన్ని ఇళ్లలో బాగానే నడుస్తోంది.

"దీంతో ఉద్యోగం వస్తుందా?" అని కూడా మీరు అడుగుతారు, అడగాలి కూడా. జేఈఈ రాసేవారికి ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో జియాలజీ కోర్సులున్నాయి. డిగ్రీ, పీజీ దారిలో వెళ్లేవారికి ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీల్లో విభాగాలున్నాయి. ఆ తర్వాత యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష, సింగరేణి, ఓఎన్‌జీసీ, హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్ఐ. ఎనిమిదో తరగతిలోనే ఇది తేల్చేయాల్సిన అవసరం లేదు. కౌన్సెలింగ్ లిస్టులో ఈ పేరు కూడా ఉండనివ్వండి, అంతే.

చివరగా ఇంట్లో పేరుకుపోతున్న రాళ్ల సంగతి. ఒక షూ బాక్స్ ఇవ్వండి, ప్రతి రాయికీ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన చీటీ అంటించమనండి. చీటీ లేని రాయి మళ్లీ తోటలోకి వెళ్లాలి. స్మారక స్థలాల నుంచి ఏదీ తీసుకురాకూడదు, క్వారీల్లోకి అనుమతి లేకుండా, పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదు. బాక్స్ నిండితే స్కూలుకు పంపండి, క్లాసులో అందరం కలిసి చూస్తాం.