కృష్ణకు ఆవలి గట్టున నాగమ్మ

మా పాలకీడు నుంచి దక్షిణంగా పోతే కృష్ణ వస్తుంది. ఆవలి గట్టు పల్నాడు. 2022లో జిల్లాకే ఆ పేరు పెట్టారు. తెలుగు కథల్లోకెల్లా జనాన్ని భయపెట్టిన ఆడమనిషి ఆ సీమదే. రాణి కాదు, రాణివాసపు మనిషీ కాదు. గురజాల నలగామరాజుకు మంత్రిణి, నాయకురాలు నాగమ్మ!

వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలు కత్తి పట్టిన రాకుమార్తెల ఇంగ్లీషు నవలలు నాలుగు రోజుల్లో నాలుగు చదివి పారేసి, "మనకిలాంటివి లేవా, మామయ్యా?" అంది. లేకేం! అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' తీసి ఇచ్చాను. రెండూ చదివి, "బాగున్నాయి గాని, రుద్రమ మరీ మంచిది" అని పెదవి విరిచింది.

అప్పుడు చెప్పాను నాగమ్మ సంగతి. 12వ శతాబ్దం మాట. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలి. మాచర్లవారు ఓడారు, పోయారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారం వచ్చిన అలరాజు, స్వయానా నలగాముడి అల్లుడు, విషానికి బలి అయ్యాడు. ఆ విషం నాగమ్మ పన్నాగమేనంటుంది కథ. ఆపైన కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. పసివాడు బాలచంద్రుడు కూడా అక్కడే కూలాడు.

"కథ ఎవరు చెప్పారు?" అంది పిల్ల.

అక్కడే ఉంది చిక్కు. కారెంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కార్తికంలో పాడే వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి పక్షం. రెండు వందల ఏళ్లు దాటాక పుట్టిన ద్విపద 'పల్నాటి వీరచరిత్ర' కూడా, శ్రీనాథుడి పేరుమీద ఉన్నది, ఆ పక్షమే. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన నాయుడంటే నాకూ గౌరవమే. కాని నాగమ్మ తన మాట చెప్పుకున్న పద్యం ఒక్కటీ నా కంటబడలేదు. సినిమావాళ్లు మాత్రం ఆమె బరువు గ్రహించారు. 'పల్నాటి యుద్ధం'లో ఆ వేషానికి 1947లో కన్నాంబ, 1966లో భానుమతి కావలసి వచ్చారు!

మర్నాటి నుంచి పిల్ల నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. సాయంత్రం వచ్చి, కోడి కాలికి కత్తి ఎలా కడతారని అడిగింది. మా ఆవిడ వినకుండా చెప్పాను.