మనిషికి తగ్గ పని

ఒక తల్లికి 22 ఏళ్ల కొడుకు ఉన్నాడు. అతనికి మాట తక్కువ. పిలిస్తే ఒక్కోసారి పలకడు. నలుగురిలోకి రాడు. "వీడేం పని చేస్తాడు?" అంటారు ఊళ్లోవాళ్లు. "నేను పోయాక వీడికి కూడెవరు పెడతారు?" ఇదీ తల్లి దిగులు.

పట్నం డాక్టరు పరీక్ష చేసి, ఇది ఆటిజం అని చెప్పాడు.

ఆటిజం అంటే ఏమిటి? ఇది అంటుజబ్బు కాదు. పిచ్చి కాదు. తల్లి పెంపకం వల్ల వచ్చేదీ కాదు. పసితనం నుంచే మెదడు ఎదిగే తీరు వేరుగా ఉంటుంది. ఆడపిల్లల్లోనూ ఉంటుంది. పెద్దయినా పోదు. కానీ నేర్చుకుంటూనే ఉంటారు.

అందరిలో ఇది ఒకేలా ఉండదు. కొందరు పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తారు. కొందరికి అన్నం తినడానికీ సాయం కావాలి. చాలామందికి పెద్ద చప్పుడు పడదు. రోజూ జరిగేది మారితే కంగారుపడతారు. "పొయ్యి మీద పాలు కాస్త చూడు" అంటే కొందరు చూస్తూ నిలబడతారు. పొంగితే దించాలని విడమర్చి చెప్పాలి.

ఆ తల్లి కొడుకును ముందు హోటల్లో పనికి పెట్టింది. ఆ గోలకు అతను చెవులు మూసుకున్నాడు. రెండో రోజే ఇంటికి వచ్చేశాడు. "సోమరిపోతు" అన్నారు జనం.

తల్లి ఆలోచించింది. ఇంట్లో అతను ఏం చేస్తున్నాడో గమనించింది. చెప్పులు వరసగా పెడతాడు. గింజలు రకం రకంగా వేరు చేస్తాడు. ఒక్కటి తేడా వచ్చినా ఊరుకోడు. అందరూ అది పిచ్చి అలవాటు అనుకున్నారు. అదే అతని నేర్పు!

ఊరి పక్కన మొక్కల నర్సరీ ఉంది. సంచుల్లో మట్టి నింపి వరసగా పెట్టాలి. గోల లేదు. రోజూ అదే పని. తల్లి వారం రోజులు పక్కనే ఉండి చూపించింది. సంచికి రెండు డబ్బాల మట్టి. వరసకు 20 సంచులు. అతను తప్పు లేకుండా నింపాడు.

ఒకరోజు యజమాని ఉన్నట్టుండి వేరే పని చెప్పాడు. అతను కదలకుండా కూర్చున్నాడు. యజమాని కేకలేశాడు. "మార్పు ఉంటే ముందురోజే చెప్పండయ్యా" అంది తల్లి. తర్వాత గొడవ రాలేదు.

యజమాని సగం కూలి ఇవ్వబోయాడు. తల్లి ఒప్పుకోలేదు. "అందరితో సమానంగా నింపాడు. అందరితో సమానంగా ఇవ్వండి" అంది. పూర్తి కూలి వచ్చింది.

చట్టం కూడా వీరికి అండగా ఉంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. అందులో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. దానికి ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారికి అక్కడ పనులు నేర్పుతారు. ఆటిజం ఉన్నవారిలో కొందరికి ఆ వైకల్యం కూడా ఉంటుంది.

మీ ఊళ్లో ఇలాంటివారు ఉన్నారా? వారికి ఏ పని నచ్చుతుందో ఎవరైనా గమనించారా? అందరూ కలిసి మాట్లాడుకోండి.