తొలి పచ్చదనం చూసి తొందరపడితే

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై రెండు వారాలు ఉంటుంది. ఆ వెంటనే మృగశిర. తెలుగునాట మెట్ట సేద్యానికి ఈ నాలుగు వారాలంత కీలకమైన కాలం మరొకటి లేదు. అయినా లెక్కల్లో ఇది రెండు ముక్కలైపోతుంది. వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం మే 31 దాకా కురిసింది వేసవి వాన, జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కురిసింది నైరుతి వాన. పొలంలో మాత్రం మే 28న పడిందీ, జూన్ 3న పడిందీ ఒకే దుక్కిలో ఇంకుతాయి. ఈ రోజుల్లో ఒక మంచి వాన పడగానే పల్లెల్లో రెండు పనులు జరుగుతాయి. కొందరు గొర్రు కట్టి విత్తనం వేస్తారు. కొందరు పశువుల్ని, జీవాల్ని బీడు మీదికి తోలతారు. మొదటిదాని గురించి వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది, రెండోదాని గురించి పశువైద్యులు హెచ్చరిస్తారు. రెండూ ఒకే తొందర అనీ, ఒకే చోట పుట్టిన తొందర అనీ ఎవరూ కలిపి చెప్పరు. చేతిలో డబ్బు, కొట్టంలో మేత దాదాపు ఒకేసారి అడుగంటే కాలం ఇది. జూన్‌లో ఓపిక పట్టమని రైతుకు ఎంత చెప్పినా, ఆ ఓపికకు కావలసిన మేత అంతకు ఒకటి రెండు నెలల ముందే పోగుపడి ఉండాలి. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచింది అదే.

ముందు ఒక వాన ఏం చేస్తుందో చూద్దాం. మే చివర ఓ సాయంత్రం గాలిదుమారం లేచి, ఉరుములతో 20 మి.మీ. వాన కొట్టిందనుకోండి. అంటే ఎకరానికి 80 వేల లీటర్ల నీళ్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ నెలల తరబడి ఎండిన నేలలో, ఎర్ర చెలకలోనైనా ఆ నీరు జానెడు లోతుకు మించి దిగదు. నల్లరేగడి నీటిని ఎక్కువగా పట్టుకునే మన్ను కాబట్టి పై నాలుగైదు అంగుళాల్లోనే ఆపేస్తుంది. నెర్రెలున్న చోట మాత్రం నేరుగా లోపలికి జారుతుంది. మర్నాడు ఆకాశం తేటపడితే మళ్లీ 40 డిగ్రీల ఎండ, పొడిగాలి. రాయలసీమలో ఈ రోజుల్లో తెరిచి ఉంచిన తొట్టిలోంచి రోజుకు దాదాపు 10 మి.మీ. నీరు ఆవిరవుతుంది. నేలలోంచి అంత జోరుగా పోదు, పై పొర ఎండాక ఆవిరి తగ్గుతుంది. కానీ ఆ ఎండే పొరలోనే కదా విత్తనం ఉండేది. పత్తి గింజ మొలకెత్తడానికి ఈ వాన తడి చాలు. మొలిచాక వేరు దిగవలసిన చోట తడి లేకపోవడంతోనే చిక్కంతా. ఏమీ మొలవకపోతే గింజ ఇంకా మట్టిలో క్షేమంగా ఉందన్న ఆశైనా ఉంటుంది. మొలిచి మాడితే ఆ ఆశా ఉండదు. చెలకల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పెద్ద చినుకుల దెబ్బకు మట్టి చెదిరి, ఎండగానే పైన బిరుసు పొర కడుతుంది. నువ్వు, సజ్జ వంటి సన్నగింజల మొలకలు దాన్ని చీల్చుకుని పైకి రాలేవు. అందుకే అనుభవమున్న రైతు పైతడిని చూసి నిర్ణయం చేయడు. పారతో ఆరేడు అంగుళాలు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కి చూస్తాడు. ఉండ కట్టి, బొటనవేలితో తాకగానే పొడిపొడిగా విడిపోతే పదునైనట్టు. ఉండే కట్టకపోతే ఆ వాన విత్తనానికి పనికొచ్చే వాన కాదు.

2025లో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఇది ఎంత ఖరీదైన విషయమో తెలుస్తుంది. ఆ ఏడు రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. రెండు మూడు రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లోకీ అడుగుపెట్టాయి. దేశం మొత్తం మీద ఆ మే నెల సగటు వర్షపాతం 126.7 మి.మీ.; 1901 నుంచి ఉన్న రికార్డుల్లో ఏ మే నెలలోనూ అంత వాన లేదు. ఇంక కాలం కలిసొచ్చిందనుకున్నారు. కానీ నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా రుతుపవనాలు ముందుకు కదలకుండా నిలిచిపోయాయి. తెలంగాణలో మే వానలకే పత్తి పెట్టిన పలుచోట్ల మొలకలు ఎండి, మళ్లీ విత్తనం కొనవలసి వచ్చింది. ఆ ఏడు బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు అనుకుంటే విత్తనానికే 1,800. గుంటక ఖర్చు, కూలి అదనం. 60 నుంచి 75 మి.మీ. వాన పడ్డాకే మెట్టలో పత్తి విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉన్నారు. రుతుపవనాలు వచ్చాయన్న వార్తకు, పొలంలో అంత వాన పడటానికి మధ్య ఒక్కోసారి మూడు వారాల ఎడం ఉంటుంది. ఆ ఎడంలోనే కుటుంబాలు అప్పుల పాలవుతాయి.

అలాగని ఆ తొలి వాన వృథా అనడం నా ఉద్దేశం కాదు. దాని పని వేరే ఉంది. వాలుకు అడ్డంగా దున్నుకోవడానికి, జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట చల్లుకోవడానికి అది అక్కరకొస్తుంది. మొలిచిన కలుపును గుంటకతో ఒకసారి చంపేస్తే, అసలు పంటలో ఆ మేరకు కలుపు కూలి తగ్గుతుంది. పురుగు సంగతీ ఉంది. వేరుశనగను తినే ఎర్ర గొంగళిపురుగు ఎండాకాలమంతా నేలలో కోశం కట్టుకుని ఉండి, తొలి వానలకు రెక్కల పురుగై బయటికి వస్తుంది. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు గుంపులుగా చేను వెంట చేను నాకేస్తాయి. వేసవి దుక్కిలో ఆ కోశాలు పైకి తేలితే ఎండకు మాడతాయి, కొంగలు, గోరింకలు ఏరుకు తింటాయి. పురుగు లేచే రోజుల్లోనే లేత మొలకల్ని దాని నోటికి అందించడం కన్నా, ఆ వానను దుక్కికి వాడుకోవడం ఎంతో మేలు.

ఇక పచ్చిక దగ్గరికి వద్దాం. దీని గురించి మన పత్రికల్లో చాలా తక్కువ రాస్తాం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి; దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వీటిలో చాలా భాగం బతికేది బీళ్లు, గుట్టలు, కోసిన చేల మీద. ఆ బీడులోని గడ్డి కూడా పైరే. దానికీ ఒక లేత దశ ఉంది. అంజన గడ్డి వంటి బహువార్షిక గడ్డి వేసవిలో పైకి ఎండు దుబ్బులా కనబడుతుంది గానీ, కుదుట్లో, వేళ్లలో ఆహారం దాచుకునే ఉంటుంది. తొలి వానకు వచ్చే ఆకులు ఆ నిల్వ ఖర్చుతో వచ్చినవి. అవి రెండు మూడు వారాలు ఎండలో పనిచేస్తేనే ఆ ఖర్చు పూడుతుంది. ఈలోగా మంద కొరికేస్తే దుబ్బు మిగిలిన నిల్వ కూడా తీసి మళ్లీ ఆకు వేస్తుంది. అదీ కొరికేస్తే చస్తుంది. ఏటా ఇలా జరిగిన బీళ్లలో దుబ్బులు పలచబడి, ఆ ఖాళీల్లో ఏ పశువూ ముట్టని వయ్యారిభామ లేస్తుంది. బీడు పాడైపోయిందని వానను నిందిస్తాం గానీ, చాలాచోట్ల అది పాడైంది జూన్ మొదటి పక్షంలోనే.

లేత పచ్చిక పశువుకైనా మేలు చేస్తుందా అంటే, అదీ అనుమానమే. 300 కిలోల నాటు ఆవుకు రోజుకు సుమారు ఏడున్నర కిలోల ఎండు పదార్థం కావాలి. అప్పుడే మొలిచిన గడ్డిలో 85 శాతం నీరే. ఆ లెక్కన అది రోజుకు 50 కిలోల పచ్చిక మేయాలి. అంగుళం ఎత్తున్న గడ్డిలో ఎంత తిరిగినా అంత దొరకదు. రోజంతా నడిచిన శ్రమ, పారుడు, కడుపుబ్బరం మాత్రం మిగులుతాయి. గొర్రెలకైతే ప్రాణాపాయమే. వాటి పేగుల్లో ముందునుంచీ ఉండే ఒక సూక్ష్మజీవి, ఎండుమేత నుంచి ఒక్కసారిగా లేత పచ్చికకు మారినప్పుడు విపరీతంగా పెరిగి విషం పుట్టిస్తుంది. అదే చిటుక రోగం. మందలో బాగా బలిసిన పిల్లలే ముందు పడిపోతాయి, వైద్యం అందేలోపే పోతాయి. టీకా ఉంది. కానీ రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి అది మేలోనే వేయించాలి. పశువులకు జొన్న చేలల్లో ఇంకో గండం. వానకు మొలిచి, ఆపైన బెట్టకు గిడసబారిన లేత జొన్నలో సైనైడ్ విషం చేరుతుంది. పల్లెల్లో నాము అంటారు. మేసిన కాసేపటికే పశువు నురగలు కక్కి కొట్టుకుంటుంది. పశువైద్యుడు వెంటనే వచ్చి నరానికి మందు ఎక్కిస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. పూతకు వచ్చిన జొన్నలో ఈ భయం చాలావరకు తగ్గిపోతుంది. బాగా ఆరబెట్టిన చొప్పలోనూ అంతే. ఈ గండాలన్నీ వాన, బెట్ట, మళ్లీ వాన అన్న తీరులో వచ్చే వేసవి చివరి వాతావరణం తెచ్చిపెట్టేవి. వానే పడకపోతే వీటిలో చాలా భాగం ఉండవు.

ఇవన్నీ రైతులకు తెలియవా? చాలామందికి తెలుసు. నాము సంగతి తెలియని ముసలి రైతు ఉండడు. అయినా తోలతారు, ఎందుకంటే కొట్టం ఖాళీ. అది ఎందుకు ఖాళీ అవుతున్నదో చూడాలి. వెనుక వరి కొడవలితో కోసినప్పుడు గడ్డి కట్టలుగా వామికి చేరేది. ఇప్పుడు హార్వెస్టర్ గింజను ట్రాక్టరులో పోసి, గడ్డిని చేలోనే చెల్లాచెదురుగా వదిలేస్తుంది. దాన్ని కట్టలు కట్టించడానికి బేలర్ కావాలి, కిరాయి కావాలి. ఆలస్యమైతే తగలబెట్టేస్తారు, లేదా మే నెల గాలివాన వచ్చి తడిపేస్తుంది. ఆ గడ్డిని అలాగే కట్టలు కట్టి, తర్వాత విప్పి చూస్తే లోపల బూజు, ముక్కిపోయిన వాసన. పశువు మూతి పెట్టదు, పెడితే జబ్బు. యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తడిసిందన్న వార్త ప్రతి మేలో చదువుతాం, చదవాలి కూడా. అదే వానకు తడిసి పోయిన గడ్డి వార్త కాదు. కానీ జూన్‌లో పశువును లేత బీడు మీదికి నెట్టేది, పాల డబ్బు తగ్గి ఇంటివాళ్లను విత్తనానికి తొందరపెట్టేది ఆ గడ్డి లేమే.

దీనికి ఎదురుగా చెప్పదగిన మాటలున్నాయి, తేలికగా కొట్టిపారేయలేనివి. ఆలస్యం చేస్తే నష్టం లేదా అని అడగవచ్చు. ఉంది. జొన్న ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ తినేస్తుంది. పత్తి ఆలస్యమైతే కాయ నిండే సమయానికి తేమ చాలదు. కానీ నేనడిగేది జూలై చివరి దాకా ఆగమని కాదు, పదును లోతుకు దిగేదాకా ఆగమని. మామూలు ఏడాదిలో ఆ ఆగడం వారం, పది రోజులు. మళ్లీ విత్తవలసి వస్తే పోయేది అంతకన్నా ఎక్కువ కాలం, పైగా డబ్బు. ఇంకో మాట: ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే వానకు ముందు పొడి నేలలో నవధాన్యాలు చల్లుతున్నారు కదా, అది తొందర కాదా? నా దృష్టిలో అది నా వాదనకే బలం. వాళ్లు గింజకు బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి, నేల మీద ఆచ్ఛాదన పరిచి వేస్తారు. ఒకే పంట మీద ఆశ పెట్టరు. రకరకాల గింజల్లో ఏవి నిలిస్తే అవే మిగులుతాయి. ఆ పైరులో కొంత పశువుల మేతకు వస్తుంది, మిగతాది నేలలో కలుస్తుంది. అంటే అసలు పంట పెట్టే నాటికి ఇంట్లో మేత పుట్టే ఏర్పాటు అందులోనే ఉంది. ఖరీదైన పత్తి గింజను 20 మి.మీ. వానకు పెట్టడానికీ దీనికీ పోలిక లేదు.

మరి సెంటు భూమి లేని గొర్రెల కాపరి సంగతేమిటి? నిజంగా కష్టమైన ప్రశ్న ఇదే. వేసవిలో మందల్ని ఆయకట్టు ప్రాంతాలకు తోలుకుపోయి, కోసిన వరి మళ్లలో మేపి, రాత్రిళ్లు మంద కట్టి ఎరువు ఇచ్చి బతికే కుటుంబాలు, తొలి వానలు పడగానే సొంతూళ్లకు తిరిగి వస్తాయి. అక్కడ నాట్లకు దమ్ము మొదలవుతుంది, ఇక్కడ బీడు ఇంకా లేవదు. ఈ రెండింటికీ మధ్య మూడు వారాలు మంద ఎక్కడ మేయాలి? ఒంటరి కాపరిని ఆగమనడం అన్యాయం. అతను ఆగితే ఇంకొకడి మంద మేసిపోతుంది. ఆగితే ఊరంతా కలిసి ఆగాలి. ఊరి బీడును మూడు నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని గడ్డి జానెడు ఎత్తు లేచేదాకా మూసి, మరుసటి ఏడు ఇంకో భాగాన్ని మూస్తే దుబ్బులు కోలుకుంటాయి. మూసిన రోజులకు మేత ఎక్కడినుంచి అంటే, ఆయకట్టులో ఏప్రిల్, మే నెలల్లో తగలబెడుతున్న వరిగడ్డి నుంచే. దాన్ని వాన పడకముందే కట్టలు కట్టించి మెట్ట మండలాలకు చేర్చడానికి బేలర్ కిరాయి, లారీ కిరాయి కావాలి. కరువు ప్రకటించాక పశుగ్రాస శిబిరాలకు పెట్టే డబ్బును, గడ్డి ఇంకా పొడిగా ఉన్న ఏప్రిల్‌లో పెడితే ఆ రెండు కిరాయిలకు మార్గం దొరుకుతుంది.