ఆకు మీది చుక్క

మన హాస్టల్లో చదివిన వాళ్ళలో సెలవులకు ఇంటికి పోతే పొలం గట్టు ఎక్కని వాళ్ళు తక్కువ. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో మేము చదివిన ఒక పాఠాన్ని వరి ఆకు మీద పెట్టి చెబుదామనుకున్నాం.

2015 జనవరిలో హాస్టళ్ళకు సన్నబియ్యం వచ్చినప్పుడు మేము ఏడో తరగతి. అప్పటిదాకా దొడ్డుబియ్యమే. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోని వాడు లేడు. సన్నబియ్యంలో పేరు మోసిన రకం సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. బీపీటీ అంటే రైతులందరికీ తెలుసు. తినడానికి ఎంత బాగుంటుందో, తెగుళ్ళకు అంత తొందరగా లొంగుతుంది.

మేము ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లో ఎకరంన్నర బీపీటీ వేశారు. అగ్గి తెగులు వచ్చింది. ఆకుల మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, నడుమ బూడిద రంగు. కంకి వేళకు మెడ విరిగి, చేతికి తాలు వచ్చింది. "మందు రెండు రోజులు ఆలస్యం చేసిన, తప్పు నాదే" అని నాయన చాలా రోజులు తనను తానే తిట్టుకున్నాడు. మరుసటి ఏడు ఇంకో రకం వేశాం. ఆకుల మీద గుండుసూది మొనంత గోధుమరంగు చుక్కలు కనబడగానే నాయన భయపడి ఒక మందుల దుకాణానికి పరుగెత్తాడు. మూడు రకాల మందులు అప్పుకు ఇచ్చారు. ఆ చుక్కలు మందు కొట్టకముందు ఎంత ఉన్నాయో తరువాతా అంతే ఉన్నాయి. ఎందుకో మాకు ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో గానీ తెలియలేదు.

అగ్గి తెగులు ఒక శిలీంద్రం వల్ల వస్తుంది. దాని బీజం మంచుతడి ఉన్న ఆకు మీద పడి మొలకెత్తి, నల్లటి బుడ్డలాంటి భాగాన్ని తయారు చేసుకుంటుంది. ఆ బుడ్డ లోపలి ఒత్తిడి లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు పది రెట్లు. ఆ బలంతో ఆకు పైపొరకు చిల్లి పెట్టి కణంలోకి దిగుతుంది. దిగిన వెంటనే చంపదు. మొదటి కొద్ది రోజులు దానికి బతికి ఉన్న కణమే కావాలి. అందులో తింటూ పక్క కణానికి పాకుతుంది. వరి మొక్కకు దొరికిన సందు ఇదే. శత్రువు దిగిన కణం తనంతట తాను వెంటనే చచ్చిపోతే, లోపలికి వచ్చిన వాడికి తిండి ఉండదు, ముందుకు దారి ఉండదు. నాయన చూసిన గోధుమ చుక్క అట్లా చచ్చిన కణాల గుంపు.

1915లో అమెరికా శాస్త్రవేత్త స్టాక్‌మన్ గోధుమ తుప్పు తెగులులో దీన్ని గమనించి 'అతి సున్నితత్వం' అని పేరు పెట్టాడు. హరిత విప్లవపు నార్మన్ బోర్లాగ్‌కు ఈయనే గురువు. పేరు విచిత్రంగా లేదూ? తెగులును తట్టుకునే మొక్కను మనం మొండిది అనుకుంటాం. నిజానికి దాని కణాలు ముట్టుకుంటే చచ్చేంత సున్నితం.

శత్రువు వచ్చాడని కణానికి ఎట్లా తెలుస్తుంది? శిలీంద్రం కణంలోకి కొన్ని ప్రొటీన్లను వదులుతుంది. వాటిని పసిగట్టే కాపలా ప్రొటీన్లు కొన్ని రకాల్లో ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. వియత్నాం రకం 'టెటెప్'లోని అటువంటి ఒక జన్యువును 2005లో మన దేశ శాస్త్రవేత్తలే గుర్తించి వేరుచేశారు. ఇప్పుడు దాన్ని పీఐ-54 అంటున్నారు. కాపలా ప్రొటీన్ మేల్కొన్నాక ఏం చేస్తుందో 2019లో చైనా శాస్త్రవేత్తలు వేరే మొక్కలో చూపించారు. ఐదు ప్రొటీన్లు కలిసి బండి చక్రంలా అమరి కణం పొరలో చేరతాయి. ఆ చక్రం నడుమ రంధ్రం గుండా కాల్షియం లోపలికి వస్తుంది. కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అదే, మనకు మోకాలు చెక్కుకుపోతే పోసినప్పుడు నురగ వచ్చే మందు. కణం చస్తుంది. పక్క కణాలు గోడలు గట్టి చేసుకుంటాయి. సాలిసిలిక్ ఆమ్లం సాయంతో దూరపు ఆకులకు కూడా కబురు అందుతుంది.

మరి ఈ చావు చుక్క దగ్గరే ఎందుకు ఆగుతుంది? మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది. చంపడానికి ఉన్నట్టే ఆపడానికీ మొక్కలో జన్యువులు ఉన్నాయి. వరిలో ఎస్పీఎల్-11 అనే జన్యువు లగాం లాంటిది. అది చెడిపోయిన మొక్కలో ఏ తెగులూ లేకుండానే ఆకంతా చుక్కలు లేస్తాయి. అటువంటి మొక్క అగ్గి తెగులును బాగానే తట్టుకుంటుంది, కానీ తన ఆకును తానే తినేసుకుంటుంది.

ఈ ఉపాయం అన్నిచోట్లా పారదు. వేరుశెనగలో మొదలుకుళ్ళు తెచ్చే శిలీంద్రం చంపి మరీ తినే రకం, దాని ముందు చావడమంటే వడ్డించడమే. ఎండాకు తెగులుదీ వేరే దారి. 2008లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలో ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి మెరుగైన రకాన్ని విడుదల చేశాయి. అది ఎండాకు తెగులుకే. అగ్గి తెగులు సంగతి వేరు.

నాయనకు ఇదంతా చెప్పినప్పుడు, "అంటే ఆ ఏడు రెండు రోజుల ముందు కొట్టినా..." అని ఆగాడు. కొంత దక్కేదేమో, కానీ ఆ విత్తనంలో ఆ తెగులును గుర్తుపట్టే కాపలానే లేదని చెప్పాం. అంతకుముందు ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తమ్ముళ్ళూ, ఈసారి ఇంటికి పోయినప్పుడు చుక్కలు కనబడితే నాలుగైదు ఆకులకు దారం కట్టండి. అగ్గి తెగులు మచ్చ కూడా మొదట చుక్కగానే ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకండి. రెండు మూడు రోజులు పొద్దున్నే చూడండి. చుక్క సాగి, నడుమ బూడిద రంగు తిరిగితే అదే రోజు ఆకు తెంపుకొని వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి, యూరియా ఆపండి. చుక్క చుక్కలాగే ఉంటే మందు డబ్బులు జేబులోనే ఉంచమని నాయనకు చెప్పండి.