వీసా వచ్చింది... వంట వచ్చా?

జులై వచ్చిందంటే హైదరాబాద్ కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో బరువు చూసే మిషన్ ఇంటింటికీ తిరుగుతుంది. సూట్‌కేసు 23 కిలోలు దాటకూడదు. అమ్మ కందిపొడి పెడుతుంది, నాన్న తీస్తాడు, ఎవరూ చూడనప్పుడు నాయనమ్మ మళ్లీ పెడుతుంది.

అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారాక, ఇంటర్వ్యూ ఫైలు పట్టుకున్న పిల్లలు ఈ చుట్టుపక్కల మామూలు దృశ్యమైపోయారు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయులు 3,31,602 మంది, చైనాని దాటేశాం. జీఆర్‌ఈ, యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం, వీసా స్లాట్ గురించి ఇంటిల్లిపాదీ ఏడాది పాటు మాట్లాడుకుంటారు. పిల్లాడు అక్కడ ఏం తింటాడు, జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటాడు అన్నది మాత్రం టికెట్ కొన్నాకే గుర్తొస్తుంది.

ఇక్కడి పీజీల్లో ఉండేవాళ్లకి టైముకి అన్నం వస్తుంది, గది ఎవరో ఊడుస్తారు. ఇంట్లో ఉండేవాళ్లకి అమ్మ ఉంది. అందుకే నా సలహా కొంచెం మొండిది: వెళ్లే ముందు ఒక నెల వంటగది పూర్తిగా పిల్లలకే అప్పగించండి. అన్నం, పప్పు, రెండు కూరలు, గుడ్డు చాలు. గిన్నెలు తోమడం కూడా వాళ్లదే. రూమ్మేట్ల గొడవలు చాలావరకు సింకు దగ్గరే మొదలవుతాయి.

సూట్‌కేసులో ఇంట్లో ఉన్న మిక్సీ పెట్టకండి. మన కరెంటు 230 వోల్టులు, అమెరికాది 120. ఇక్కడి మిక్సీ అక్కడ నీరసంగా మూలిగి ఊరుకుంటుంది. 110 వోల్టుల మిక్సీలు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి. స్టవ్ మీద పెట్టే కుక్కర్‌కి ఆ బెంగ లేదు. అడుగు చదునుగా ఉన్నది చూసుకుని, గాస్కెట్టు ఇంకోటి పెట్టుకుంటే సరి.

కరివేపాకు, బియ్యం, చికెన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయాలి. కరివేపాకు మీద ఉండే పురుగు నిమ్మజాతి తోటలకి తెగులు మోసుకెళ్తుంది, బియ్యంలో ఖాప్రా పురుగు వస్తుందని భయం, మాంసానికి వేరే నిషేధం ఉంది. ఆవకాయకి సాధారణంగా అడ్డు చెప్పరు. అయినా కస్టమ్స్‌లో అడిగితే తిండి సామాను ఉందని చెప్పేయాలి. చెప్పినవాడికి మహా అయితే పచ్చడి పోతుంది, దాచినవాడికి జరిమానా పడుతుంది.

టీకాల సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులకి రుజువు అడుగుతాయి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. సర్కారు దవాఖానాలో చిన్నప్పుడు వేసిన తట్టు టీకాలో గవదబిళ్లల మందు ఉండదు. ఈ విషయం ఆఖరి వారంలో తెలిస్తే రెండో డోసు డాలర్లు పోసి అక్కడే వేయించుకోవాలి. అలాగే డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లు కొండాపూర్ ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకుంటే ఏడాది చెల్లుతుంది.

ఇక డబ్బు. "ఫండ్స్ మేం చూపిస్తాం, మీరు కమిషన్ ఇస్తే చాలు" అని కన్సల్టెన్సీలో అన్న మాట దగ్గరే లేచి వచ్చేయాలి. వీసా కోసం చూపించిన డబ్బు నిజంగా లేనివాడు దిగిన వారానికే పని వెతుక్కుంటాడు. ఎఫ్-1 వీసా మీద చదువు నడిచే రోజుల్లో పని క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే. బయట పెట్రోలు బంకులో చేతికిచ్చే డాలర్లు వీసాకే ఎసరు పెడతాయి. "సీనియర్లంతా చేస్తున్నారు కదా అంకుల్" అంటారు పిల్లలు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడ్డప్పుడు మన పిల్లలు కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ అసలు యూనివర్సిటీయే కాదని, ఇమిగ్రేషన్ అధికారులే వల వేసి పెట్టిన బోర్డని తేలింది. అప్పుడు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. ఆ వల వేయడాన్ని నేను సమర్థించను. కానీ క్లాసులకి రానక్కర్లేదని చెప్పే కాలేజీకి ఫీజు కట్టేవాడు తనని తాను ఒకసారి ప్రశ్నించుకోవాలి.

జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది. ఏడాది ఖర్చు 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయించి, నెలకి 992 చొప్పున చేతికిస్తారు. ఎక్కడికి వెళ్లేవాళ్లయినా ఈ లెక్కని ఇక్కడే ఒక నెల అలవాటు చేసుకోవచ్చు. ఇరవయ్యో తారీఖుకే పర్సు ఖాళీ అయితే, మిగతా పది రోజులు నాన్నని అడగకుండా గడపాలి.

మరిచిపోయేది ఇంకోటుంది: ఇక్కడి సెల్ నంబర్. బ్యాంకు ఓటీపీ, ఆధార్, లోన్ వాయిదా మెసేజ్ అన్నీ దానికే వస్తాయి. వాడకుండా, రీఛార్జ్ చేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకి అది మరొకరి నంబరవుతుంది. రోమింగ్ ఆన్ చేయించి, రీఛార్జ్ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పాలి. బ్యాంకుకి వెళ్లి ఖాతాని ప్రవాసుల ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకునే పని కూడా అదే రోజు చూసుకుంటే ఇంకో సెలవు పెట్టక్కర్లేదు.