మీకు తెలుసా? లంబాపూర్ రాళ్లలో పాత గాలి జాడ

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ దగ్గరున్న లంబాపూర్, పెద్దగట్టు గుట్టల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది గట్టిపడే నాటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేనట్టే! 240 కోట్ల ఏళ్ల కిందటి నుంచి ఆక్సిజన్ పెరిగిందంటే, దాన్ని విడిచే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల చలవే. గ్రానైట్ మీద తర్వాతెప్పుడో శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే రాతిపొర పేరుకుంది. ఆ రెండూ కలిసే చోటే యురేనియం దొరికింది. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో యురేనియం కరుగుతుంది, ఆక్సిజన్ అందని చోట మళ్లీ గడ్డకడుతుంది. అందుకే ఇలాంటి నిక్షేపాలు గాలి మారాకే ఏర్పడ్డాయి.

జీవం ఆక్సిజన్ నింపిన భూమికి భిన్నంగా, శుక్రుడి మీదా, అంగారకుడి మీదా గాలిలో దాదాపు 95 శాతం కార్బన్ డయాక్సైడే. మరి దూరపు గ్రహాల్లో ఆక్సిజన్ కనబడితే జీవం ఉన్నట్టేనా? తొందరపడొద్దు: నక్షత్రకాంతికి నీటి ఆవిరి విడిపోయినా ఆక్సిజన్ పుడుతుంది.