మంచు ముసురు

నవంబరు నెల. నెల్లూరు నుంచి అమ్మ ఫోను. "ఎట్టుండావు రా? ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే ముసురు. తెరిపే ఇవ్వలా. ఉతికిన గుడ్డ ఆరితే ఒట్టు."

నేను అమెరికాలోని హౌటన్‌లో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడా నాలుగు రోజులుగా ఆకాశం మూసుకునే ఉంది. కాకపోతే రాలుతున్నది మంచు. "ఇక్కడా అంతేనమ్మా" అన్నాను. అప్పుడు ఊరికే అన్న మాట అది. అక్షరాలా నిజమని తర్వాతెప్పుడో తెలిసింది. నెల్లూరు వానకీ హౌటన్ మంచుకీ పుట్టుక ఒకటే. నేల మీద నుంచి బయలుదేరిన పొడిగాలి పెద్ద నీటి మీదుగా ప్రయాణిస్తుంది. దారి పొడవునా తాగినదంతా అవతలి గట్టెక్కగానే దించేస్తుంది. ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం మీద చేసే పనినే, కెనడా నుంచి దిగే వాయవ్యపు గాలి సుపీరియర్ సరస్సు మీద చేస్తుంది.

సరస్సు అనగానే మనకు కొల్లేరో పులికాటో కళ్లలో మెదులుతుంది. సుపీరియర్ ఆ లెక్కలోది కాదు. దాని వైశాల్యం 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం. బాగా లోతైన చోట 406 మీటర్లు. గట్టున నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. అలలుంటాయి, ఓడలుంటాయి, తుపానులుంటాయి; ఉప్పొక్కటే ఉండదు. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొస నుంచి ఆ నీళ్లలోకి చూపుడు వేలులా పొడుచుకెళ్లిన నేలను కీవినా ద్వీపకల్పం అంటారు. ఒకప్పుడు రాగి గనుల సీమ. గనుల చదువు కోసం 1885లో పెట్టిన కళాశాల ఇప్పుడు మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం. అది ఉన్న ఊరే హౌటన్. నేను రెండు చలికాలాలు గడిపింది ఆ ఊళ్లోనే. జనాభా ఎనిమిది వేల పైచిలుకు. ఏటా పడే మంచు సగటున 200 అంగుళాలు, అంటే దాదాపు 17 అడుగులు. మొహాక్ అనే పల్లె దాటాక హైవే పక్కన థర్మామీటరు ఆకారంలో ఒక నిలువెత్తు బోర్డు ఉంటుంది. దాని కొసన 1978-79 చలికాలపు రికార్డు రాసి ఉంటుంది: 390.4 అంగుళాలు. రెండంతస్తుల మేడ మీద పిట్టగోడ కూడా మునిగిపోయే ఎత్తు.

ఇంత మంచు రావడానికి చలి ఒక్కటే చాలదు. ఆ మాటకొస్తే విపరీతమైన చలిగాలి పరమ పొడిగాలి. దానిలో కురవడానికి ఏమీ ఉండదు. కురిపించేది సరస్సు దాచుకున్న వేసవి. ఒక ఘనపు మీటరు నీరు ఒక్క డిగ్రీ చల్లబడితే బయటికొచ్చే వేడి మూడు వేల ఘనపు మీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వెచ్చబెట్టగలదు. అందుకే నవంబరులో నేల గడ్డకట్టినా నీళ్లు ఇంకా నాలుగైదు డిగ్రీల మీదే ఉంటాయి. దాని మీదికి సున్నాకు పదిహేను డిగ్రీలు కిందున్న గాలి వచ్చి పడుతుంది. అప్పుడు గట్టు మీది నుంచి చూస్తే సరస్సంతా ఇడ్లీపాత్ర మూత తీసినట్టు పొగలు కక్కుతూ కనిపిస్తుంది. కింద వెచ్చబడి తడిసిన గాలి తేలికై పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడుతుంది. ఆవిరి బొట్లుగా, పలుకులుగా మారేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది కాబట్టి ఆ గాలి ఇంకొంచెం పైకి లేస్తుంది. అలా మేఘం తన కట్టెలు తనే తెచ్చుకున్న పొయ్యిలా మండుతుంది.

ఇది జరగడానికి అక్కడి వాతావరణ నిపుణులకు ఒక మోటు లెక్క ఉంది. నీటి ఉపరితలానికీ, కిలోమీటరున్నర ఎత్తులో ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల తేడా ఉండాలి. అంతకు తగ్గితే లేచిన గాలి మధ్యలోనే చతికిలబడుతుంది. గాలి నీళ్ల మీద సుమారు వంద కిలోమీటర్లయినా ప్రయాణించాలి. కింద ఒక వైపు, పైన మరో వైపు వీచకూడదు. వీస్తే మేఘపు వరస చెదిరిపోతుంది. అన్నీ కుదిరిన రోజున ఉపగ్రహ చిత్రంలో సరస్సు మీద దువ్వెనతో దువ్వినట్టు తెల్లటి గీతలు కనిపిస్తాయి. కీవినాకు ఇంకో అదనపు యోగం ఉంది. గట్టు తగలగానే గాలి వేగం తగ్గి వెనక వచ్చేది ముందున్న దాని మీద పడుతుంది. ఆపైన ద్వీపకల్పం నడుమ వెన్నెముకలా కొండల వరస. బ్రాక్‌వే కొండ సరస్సుకు సుమారు 220 మీటర్ల ఎత్తున ఉంది. ఎక్కక తప్పని గాలి అక్కడ మిగిలిన బరువు కూడా దింపుకుంటుంది.

ఈ మేఘపు వరసలు సన్నగా ఉంటాయి కాబట్టి మంచుకు అంచులుంటాయి. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన అంటారే, అలాగ. 2014 నవంబరులో ఈరీ సరస్సు పక్కనున్న బఫెలో నగరపు దక్షిణ శివార్లలో ఐదడుగులకు పైగా పడితే, అదే నగరపు ఉత్తరాన కొన్ని అంగుళాలే పడింది. దూరం నుంచి తీసిన ఫోటోల్లో అది తెల్లటి గోడలా నిలబడి కనిపిస్తుంది. అక్కడి వాళ్లు ఈ మంచును 'లేక్ ఎఫెక్ట్' అంటారు. జపాన్ పడమటి తీరంలో సైబీరియా గాలి సముద్రం దాటి వచ్చి కురిపించేదీ ఇదే రకం.

ఈరీకీ సుపీరియర్‌కీ తేడా లోతులో ఉంది. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. పైపొర చల్లబడి నాలుగుకు రాగానే కిందికి మునుగుతుంది, కిందిది పైకొస్తుంది. మొత్తం నీరు నాలుగుకు వచ్చేదాకా పైన గడ్డ కట్టడం కుదరదు. ఈరీ సగటు లోతు 19 మీటర్లే కనుక త్వరగా పేరుకుని, మూత పెట్టుకుని, మంచు దుకాణం కట్టేస్తుంది. సుపీరియర్ సగటు లోతు 147 మీటర్లు. దాని దగ్గరున్న సరుకు అంత తేలిగ్గా అయిపోదు. ఫిబ్రవరి దాకా కూడా ముసురు వదలని ఏళ్లున్నాయి.

మనకు 'మంచు' ఒకే మాట. పొద్దున గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో తెల్లారగట్ల జనం చూడటానికి వెళ్లే పొగమంచూ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. హౌటన్ వెళ్లిన కొత్తలో ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. "మంచు పడుతోంది" అంటే అమ్మ, "తలకు మఫ్లర్ కట్టుకో" అనేది. పొగమంచు అనుకుందేమో.

ఆ రాలే మంచును ఒకసారి దగ్గరగా చూడండి. నల్లకోటు చేతిని చాపి నిలబడితే చాలు. సున్నాకు 12 నుంచి 18 డిగ్రీలు కిందుండే మేఘంలో, తేమ దండిగా ఉంటే, పలుకు ఆరు చేతులు చాచి, ఒక్కో చేతికి ఫెర్న్ ఆకులాంటి కొమ్మలు వేస్తుంది. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షడ్భుజాలుగానే పేర్చుకుంటాయి కాబట్టి ఆరు. చలి కొంచెం అటూ ఇటూ అయితే అవే పలుకులు సూదులుగానో, పలకలుగానో తయారవుతాయి. జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా 1936లో హొక్కైడోలో ప్రయోగశాలలోనే మంచు పలుకును పెంచి ఈ గుట్టు విప్పాడు. పలుకు వేలాడటానికి ఆయన వాడింది కుందేలు వెంట్రుక. సరస్సు మీది మేఘాలు తరచూ సరిగ్గా ఆ కొమ్మల పలుకుల చలిలోనే తయారవుతాయి. చేతులు చాచిన పలుకులు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు మధ్యలో ఖాళీలెక్కువ. అందుకే ఆ మంచు చేత్తో తీస్తే దూదిలా ఉంటుంది. మామూలుగా ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అని లెక్క వేస్తారు. లేక్ ఎఫెక్ట్ మంచు ఇరవై అంగుళాలు, ఒక్కోసారి ముప్పై.

ఆ లెక్కన హౌటన్ చలికాలం మొత్తాన్నీ కరిగిస్తే ఎంత నీరు? 200 అంగుళాల మంచు కరిగితే పది పన్నెండు అంగుళాలు. నెల్లూరు మీద ఒక గట్టి తుపాను రెండు రోజుల్లో కుమ్మరించగలిగేంత. ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ ముందు నమ్మలేదు. తర్వాత "అంతేనా!" అంది, మా ఊరే గెలిచిందన్నట్టు.

దూది అన్నాను కానీ, దూదినైనా ఎత్తీ ఎత్తీ నడుం పట్టేస్తుంది. మొదటి వారం ఇంటి ముందు పారతో మంచు ఎత్తి పోస్తున్నాను. పక్కింటి పెద్దాయన, రాగి గనుల్లో పనికి ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ల మనవడు, కాసేపు చూసి తన షెడ్డులోంచి ఒక వస్తువు తెచ్చిచ్చాడు. మంచం వెడల్పున్న రేకు చాటకు వంపు తిరిగిన పొడవాటి పిడి తొడిగినట్టుంది. "ఎత్తకు. తొయ్యి" అన్నాడు. అంతే చెప్పాడు. దాన్ని మంచులోకి గుచ్చి, పిడి కిందికి నొక్కి, జారిస్తూ తీసుకెళ్లి పక్కన దొర్లించాలి. మంచు మీద రేకు జారుతుంది కాబట్టి బరువు చేతుల మీద పడదు. దాన్ని ఆ సీమలో 'యూపర్ స్కూప్' అంటారు. మనిషికీ మంచుకీ మధ్య అంతకంటే మర్యాదైన పనిముట్టు నేను చూడలేదు.

ఇంటి కప్పు సంగతి వేరు. పడ్డ మంచు కొన్నాళ్లకు తనంతట తాను అణుగుతుంది. పలుకుల కొమ్మలు విరిగి, గింజలు ఒకదానికొకటి అతుక్కుని, ఘనపు మీటరు 250 కిలోలు తూగే స్థితికి వస్తుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద అలాంటిది అర మీటరు నిలిచిందంటే పన్నెండున్నర టన్నులు. ఊళ్లో పాత ఇళ్లకు వాలు నిటారుగా ఉండటం, కొన్నింటికి వీధి నుంచి గుమ్మం దాకా కప్పేసిన మెట్ల దారి ఉండటం ఇందుకే. కార్ల యాంటెనాకు చిన్న జెండా కడతారు; గుట్టల మలుపులో అవతలి కారు కనిపించకపోయినా జెండా కనిపిస్తుంది. ఊళ్లో 1959లో కట్టిన లిఫ్ట్ బ్రిడ్జికి రెండు అంతస్తులున్నాయి. చలికాలంలో పై అంతస్తులో కార్లు పోతుంటే కింది అంతస్తులో స్నోమొబైళ్లు పోతాయి. అవి ఆ ఊరి బండ్లు. వాటికీ దారి ఇచ్చారు.

ముసురు ఆగిన రాత్రి బయటికి వెళ్లాలి. మొదట తెలిసేది నిశ్శబ్దం. కొత్త మంచులో పది పాళ్లలో తొమ్మిది పాళ్లకు పైగా గాలే. శబ్దం ఆ సందుల్లో దూరి బయటికి రాలేక అణిగిపోతుంది. ఊరంతటికీ పరుపు పరిచినట్టుంటుంది. రెండోది అడుగుల చప్పుడు. సున్నా దగ్గర్లో ఉంటే బూటు కింద మంచు మెత్తగా అణుగుతుంది. పది డిగ్రీలు కిందికి పోయాక గింజలు కరగవు, జారవు, విరుగుతాయి. ఆ విరిగేటప్పటి కిర్రుమనే చప్పుడే చలిని చెబుతుంది. రెండో ఏడాదికి నేను ఫోను చూడకుండానే నాలుగడుగులు వేసి ఏ కోటు వేసుకోవాలో తేల్చుకునేవాణ్ణి.

1922లో మొదలైన వింటర్ కార్నివాల్‌ను మిషిగన్ టెక్ విద్యార్థులు ఇప్పటికీ జరుపుతారు. నెల రోజులు శ్రమించి ఇళ్లంత మంచు శిల్పాలు కడతారు. పొడి మంచు ఉండ కట్టదు. గింజల మధ్య సన్నటి నీటి పొర ఉంటేనే అతుకుతుంది. అందుకని బకెట్లలో నీళ్లు కలిపి ముద్ద చేసి మెత్తుతారు. అది అక్కడికక్కడే బిగుసుకుంటుంది. ఆఖరి రాత్రి ఊళ్లో ఎవరూ పడుకోరు. పక్కనే బ్రూమ్‌బాల్ ఆట: ఐసు మీద మామూలు బూట్లతో, చీపురు కర్రల్లాంటి వాటితో బంతిని కొట్టడం. మా జట్టులో ముగ్గురం తెలుగువాళ్లం. మేం బంతిని కొట్టిన దానికంటే నేలను కొట్టినదే ఎక్కువ. ఆట అయ్యాక పెద్దాయన ఇంట్లో సౌనా. కట్టెల పొయ్యి మీది రాళ్ల మీద నీళ్లు చల్లి, చెమట కారేదాకా కూర్చుని, బయటికి పరిగెత్తి మంచులో దొర్లడం. అనుకున్నంత చలి వేయదు. నిండా గాలి ఉన్న ఆ దూది ఒంట్లోంచి వేడిని మెల్లగా లాగుతుంది. ఆ రెండు క్షణాలకి చర్మం కింద దాచుకున్న వేడి సరిపోతుంది.

నిజం చెప్పాలంటే ఆ చలికాలంలో నన్ను కుంగదీసింది మంచు కాదు, ఎండ లేకపోవడం. డిసెంబరులో వారాల తరబడి మబ్బు. కానీ ఆ మబ్బే రాత్రిళ్లు దుప్పటి. సరస్సుకు దూరంగా, దాదాపు అదే అక్షాంశం మీదున్న మిన్నెసోటా ఊళ్లలో అంతకంటే చాలా గట్టి చలి, తక్కువ మంచు. వెచ్చదనం, మంచు, మబ్బు మూడూ ఒకే మూటలో వస్తాయి.

ఒక్కో ఏడాది సరస్సు చాలావరకు గడ్డకడుతుంది. 2014లో అలా అయింది. ముసురు ఆగి, ఆకాశం నీలంగా తేలి, చలి విరుచుకుపడింది. దక్షిణపు గట్టున విస్కాన్సిన్ వైపు అపోస్టల్ దీవుల దగ్గర ఇసుకరాతి గుహలకు మంచు జడలు వేలాడితే, గడ్డకట్టిన నీటి మీద నడుస్తూ లక్షమందికి పైగా వెళ్లి చూశారు. అలాంటి ఏళ్లు తగ్గుతున్నాయి. సుపీరియర్ వేగంగా వేడెక్కుతున్న పెద్ద సరస్సుల్లో ఒకటి. మూత లేని నీరు ఎక్కువ కాలం ఉంటే మంచు పెరగాలి. గాలి మరీ వెచ్చబడితే అదే తేమ వానగా పడాలి. ఈ రెంటిలో ఏది ఎప్పుడు పైచేయి అవుతుందన్నది ఊరూరికీ మారే లెక్క.

మంచు కరిగి మళ్లీ సరస్సులోకే పోతుంది. సుపీరియర్‌లో చేరిన నీటి బొట్టు బయటపడటానికి సగటున 191 ఏళ్లు. మే నెలలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ మూలన, చలికాలమంతా బుల్డోజరు తోసిన మంచు గుట్ట ఒకటి మిగిలింది. మసి పట్టి నల్లగా, పక్కన గడ్డి పచ్చగా. నెల్లూరులో రోహిణి ఎండలు మొదలవుతున్నాయి. అమ్మ ఫోను చేసింది.

"ఆ గుట్ట ఇంకా ఉండాదా?"

"ఉందమ్మా. నా నడుం ఎత్తున ఉంది."

"పోటో పెట్టు రా. ఎదురింటి వాళ్లు నమ్మడం లా."